ఎలక్ట్రాను అంటే అది చేసే పనేనా, పని చేసేది వేరే ఉందా?

మల్లేశ్వరం మాస్టారు:
ఆదివారం బెంగళూరు మల్లేశ్వరంలో మిత్రుల మధ్య తేలకుండా మిగిలిన మాటను ఇక్కడ పెడుతున్నాను. ఎలక్ట్రాను ఏమిటని అడిగితే దాని ప్రవర్తన చెప్పడమే పూర్తి సమాధానమని నా వాదన. 1897లో జె.జె. థామ్సన్ కొలిచింది కేథోడ్ కిరణాలు (గాలి తీసేసిన గాజు గొట్టంలో సాగే ఎలక్ట్రాన్ల ధార) విద్యుత్, అయస్కాంత క్షేత్రాలలో ఎంత వంగుతాయన్నదే. ఆ వంపు నుంచే ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తిని రాబట్టాడు. ద్రవ్యరాశి అంటే తోసినప్పుడు మొరాయించడం, ఆవేశం అంటే క్షేత్రంలో ఒక పక్కకు ఒరగడం. ఇవి తీసేస్తే మిగిలేదేమిటో చెప్పండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
మొరాయించేది ఏది మాస్టారూ? ఎద్దు లేకుండా మొరాయింపు ఉండదు. గుణానికి ఆశ్రయంగా ద్రవ్యం ఉండి తీరాలని ప్రాచీన భారతీయ దర్శనకారులైన వైశేషికులు అన్నది ఇందుకే.

మల్లేశ్వరం మాస్టారు:
వైశేషికులను పిలిస్తే బౌద్ధులనూ పిలవాలి. పని చేయగలగడమే సత్తుకు, అంటే నిజంగా ఉన్నదానికి, లక్షణమన్నాడు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి. వాన కురుస్తోంది అంటాం. కురవని వాన విడిగా ఎక్కడైనా ఉందా? 1924 నాటి సత్యేంద్రనాథ్ బోస్ లెక్కలో రెండు ఫోటాన్లను (కాంతి కణాలను) తారుమారు చేస్తే కొత్త అమరిక ఏర్పడదు. ఎలక్ట్రాన్లలోనూ ఫలానాది ఇదని గుర్తుపట్టే వీలు లేదు.

వైట్‌ఫీల్డ్ వాసి:
ఒకే అచ్చులో పోసిన కాసులకు లోహం లేదంటారా? ముందు ద్రవ్యరాశి ఒక్కటి తేల్చండి.

బసవనగుడి:
మూలకణాలను వివరించే సిద్ధాంతమైన ప్రామాణిక నమూనా (స్టాండర్డ్ మోడల్) ప్రకారం ఎలక్ట్రాను ద్రవ్యరాశి కూడా విశ్వమంతా నిండి ఉన్న హిగ్స్ క్షేత్రంతో దానికున్న సంబంధం వల్ల వచ్చేదే.

ఎస్పీ రోడ్డు:
మా నాన్నగారు ఎస్పీ రోడ్డులో టీవీలు బాగుచేసేవారు. ఎలక్ట్రాన్ల ధారతో బొమ్మ గీసే పాత పిక్చర్ ట్యూబు ముందు స్పీకరు అయస్కాంతం పెడితే బొమ్మ పక్కకు సాగి, ముఖాల మీద ఆకుపచ్చ, ఊదా మచ్చలు పడేవి. గాజు వెనక ఏదో ఉందని నమ్మడానికి నాకు ఆ వంపే చాలింది. మీలో ఎవరి వాదాన్ని అది బలపరుస్తుందో చెప్పలేను.

వైట్‌ఫీల్డ్ వాసి:
హిగ్స్ క్షేత్రంతో సంబంధం అన్నా రెండు వస్తువులు కావాలి. నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

మల్లేశ్వరం మాస్టారు:
గణితం పట్టుబడని వారే వస్తువు కోసం తడుముకుంటారు.

వైట్‌ఫీల్డ్ వాసి:
ఈ మాట నాకు కొత్త కాదు. ఇంటర్ రెండో ఏడాదిలో ఆవేశం అంటే ఏమిటి సార్ అని అడిగినందుకు, సూత్రం వస్తే చాలంటూ మా లెక్చరరు నన్ను పీరియడ్ అయ్యేదాకా వరండాలో నిలబెట్టారు. తెలియదని ఆయన ఒక్క మాట అని ఉంటే నేను భౌతికశాస్త్రం వదిలేసేవాణ్ణి కాదు. ప్రవర్తనకు మించి తెలియదనండి, తల వంచుతాను. ప్రవర్తనకు మించి లేదని మీరు ఏ కొలతతో అంటున్నారు?

మల్లేశ్వరం మాస్టారు:
గణితం గురించి అన్న మాటను ఉపసంహరించుకుంటున్నాను, మన్నించండి. లేదనడానికి నా దగ్గర కొలత లేని మాటా నిజమే. అయితే ఏ ప్రయోగానికీ అందనిదాన్ని తెలియనిది అని పిలవడం కూడా అది ఉందని ముందే ఒప్పేసుకోవడమే. అంత దూరం నేను రాలేను.

వైట్‌ఫీల్డ్ వాసి:
రావద్దు మాస్టారూ. అడిగిన పిల్లవాణ్ణి తరగతిలోనే కూర్చోనివ్వండి.