గురువుకూ బాలశిష్యుడికీ మధ్య ఉన్నదాన్ని స్నేహమనవచ్చా?

చర్చ ప్రారంభించినవారు:
కర్ణాటక సంగీత విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో శంకరగుప్తంలో పుట్టారు. పసికందుగా ఉండగానే తల్లిని పోగొట్టుకున్నారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడిగా విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేసేనాటికి ఆయనకు ఎనిమిదేళ్లు, పంతులు గారికి యాభై దాటాయి. ఆ ఇద్దరి అనుబంధాన్ని స్నేహమనవచ్చునని నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు 1:
అనకూడదు. స్నేహంలో ఇద్దరూ ఒకరినొకరు కాదనగలగాలి. గురువు ఇంట్లో నీళ్లు తోడి, చీవాట్లు తిని, ఎదురుచెప్పే వీలు లేకుండా పెరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిది భక్తి కావచ్చు, భయం కావచ్చు. దానికి స్నేహమని పేరు పెడితే అక్కడున్న పెత్తనం మన కంటికి ఆనకుండా పోతుంది.

జవాబు 2:
పెత్తనం గురించి మీరన్నది నిజమే, దాన్ని తోసిపుచ్చను. అయితే పంతులు గారి స్థానాన్ని ఒక్కసారి తలచుకోండి. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, వారి శిష్యులు ఈయన. అంత దగ్గరి పరంపరను మోస్తున్న మనిషి, పిల్లవాడు మరో పదేళ్లు తన వెనక కూర్చుని తంబుర మీటాలని అంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. అలాంటిది ఎనిమిదేళ్లకే శిష్యుణ్ణి సభ ముందు కూర్చోనిచ్చారంటే, ఆ పసి గొంతును తన గొంతుతో సమానంగా విన్నారన్నమాట. ఆ కాలంలోనే హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు మురళీకృష్ణ పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలను కట్టే ధైర్యం ఆ శిష్యుడికి తరవాత వచ్చిందంటే, చిన్ననాడు దొరికిన ఆ చనువు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

మీరు పెట్టిన పరీక్ష, అంటే పిల్లవాడు కాదనగలడా అన్నది, నా పదకొండో ఏట నాకే ఎదురైంది. మా సంగీతం మాస్టారికి అప్పటికి డెబ్భై దాటాయి. ఒక సాయంత్రం ఆదితాళంలో కీర్తన పాడుతూ, సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ, దాటాక అర అక్షరం (అర దెబ్బ) ఆగి ఎత్తుకోవలసిన అనుపల్లవిని, అంటే కీర్తనలోని రెండో భాగాన్ని, ఆయన సమం మీదనే ఎత్తుకున్నారు. తొడ మీద తాళం వేస్తున్న నా చెయ్యి దానంతట అదే ఆగిపోయింది. తిడతారేమోనని తల వంచుకున్నాను. ఆయన పాట ఆపి, కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, “తప్పింది నువ్వు కాదురా, నేను. మళ్లీ వెయ్యి” అన్నారు. రెండోసారి సరిగ్గా ఎత్తుకుని నా వైపు చూశారు. బాగుందా అని అడుగుతున్న చూపు అది.

ఏ ఇంట్లో ఆ చెయ్యి ఆగడానికి భయపడుతుందో అక్కడ మీ మాటే చెల్లుతుంది. మా మాస్టారు మాత్రం మర్నాడు, నాకంటే పెద్దవాళ్లైన శిష్యులందరూ ఉండగా, ఆ కీర్తనకే తాళం వెయ్యమని నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.