నడుస్తున్న క్వారీలోకి శిలాజాల కోసం గుంపుగా వెళ్ళడం సబబేనా?

టూర్ తీసుకెళ్ళిన సభ్యుడు, రాజమండ్రి:
పోయిన ఆదివారం గౌరీపట్నం వైపు ఒక క్వారీకి పద్నాలుగు మందిమి వెళ్ళొచ్చాం. ఓనర్‌ని ముందే అడిగాం, సరేనన్నారు. అక్కడ గోడ చూస్తే ఒళ్ళు పులకరిస్తుందండి. కింద నల్లబండ, పైన నల్లబండ, మధ్యలో తెల్లటి సున్నపురాయి పట్టీ. ఆ నల్లబండ గడ్డకట్టిన లావాయే. పడమటి కనుమల వైపు పుట్టిన ఆ లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడిదాకా వచ్చింది. ఒక ప్రవాహానికీ ఇంకో ప్రవాహానికీ మధ్య ఉప్పునీళ్ళు నిలిచిన కాలం ఆ పట్టీలో ఉంది. ఆల్చిప్పలు, నత్తగుల్లలు కలిపి నలభై ఏరుకున్నాం. గోడ మీద సుత్తి వెయ్యలేదు, అన్నీ కుప్పలోవే.

ఫొటోలు పెడితే ‘దోచుకొచ్చారు’ అన్నారు కొందరు. కంకరకి పనికిరాదని ఆ తెల్లరాయిని పక్కన పోస్తారు, తర్వాత గుంటలు పూడ్చడానికి టిప్పర్లో పోతుంది. గుంటలో పోయేదాన్ని ఇంటికి తెచ్చుకుంటే తప్పేమిటి?

జియాలజీ లెక్చరర్:
తేవడం తప్పు కాదండీ, తెచ్చిన పద్ధతి తప్పు. 2008లో గెర్టా కెల్లర్ అనే భూవిజ్ఞాని బృందం ఆ ప్రాంతపు క్వారీల్లోనే, రెండు లావాల మధ్య పొరలో కంటికి కనపడనంత చిన్న సముద్రజీవుల గుల్లలు చూసి, డైనోసార్లు అంతరించిన కొద్దికాలానికే ఆ పొర ఏర్పడిందని చెప్పింది. పొరలో ఎంత ఎత్తున ఏది దొరికిందో రాసుకుంటేనే అలాంటి మాట చెప్పగలం. మీ సంచిలో నలభై గుల్లలూ కలిసిపోయాయి. ఇప్పుడవి అందమైన రాళ్ళు, అంతే.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూశారా? అది ఒక్క జంతువు ఎముకలతో చేసింది కాదు, యామన్‌పల్లిలో దొరికిన చాలా జంతువుల ఎముకల్ని కలిపి నిలబెట్టారు. ఊరివాళ్ళు తలా ఒకటి పట్టుకుపోయి ఉంటే ఏం మిగిలేది?

క్వారీ ఊరివాడు:
సైన్సు సంగతి నాకు తెలీదు. మా నాన్న క్వారీలో డ్రిల్లర్. ఆదివారం పని ఉండదు కాబట్టి భయం లేదనుకుంటారు గానీ, శనివారం బ్లాస్టింగ్ అయ్యాక వదులైన బండ గోడకి అలాగే వేలాడుతుంటుంది. సోమవారం పొద్దున్న గడ్డపారతో దాన్ని దింపాకే మనిషిని కిందికి పంపుతారు. ఇంకోటి, పేలని తూటా (పేలుడు మందు గొట్టం) ఉంటే అది ఆ కుప్పలోనే ఉంటుంది. మీరు సుత్తితో కొట్టింది ఆ కుప్పనే కదా అన్నా! ఓనర్ సరేనంటే సరిపోదు, మేట్ (పని దగ్గరుండి చూసుకునే మనిషి) దగ్గరుండాలి.

హైస్కూల్ టీచర్, తణుకు:
మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది.

జియాలజీ లెక్చరర్:
వద్దు మేడం. పని నడిచే గనిలో పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ఉండకూడదని, 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా ఉన్న 1952 గనుల చట్టం 45వ సెక్షన్ చెప్పేది. ప్రమాదం మాత్రం ఇప్పటికీ అదే. ఓనర్‌తో మాట్లాడి ఒక ట్రాక్టర్ తెల్లరాయిని గేటు బయట చదును నేల మీద పోయించండి. పిల్లలు అక్కడ కూర్చుని వెతుక్కుంటారు. తెచ్చేముందు ఆ రాయి ఏ గోడదో ఒక ఫొటో తీసుకోండి చాలు.

టూర్ తీసుకెళ్ళిన సభ్యుడు:
మాతో పన్నెండేళ్ళ పిల్లలు ఇద్దరు వచ్చారు. వాళ్ళని అలాంటి చోటికి తేకూడదని నాకు తట్టలేదు, ఆ తప్పు నాదే. తూటా మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఒక్క మాట అడుగుతాను సార్. శిలాజాల కోసమే ప్రత్యేకంగా చట్టం లేదు. 2022లో కేంద్ర గనుల శాఖ తెచ్చింది బిల్లు ముసాయిదా మాత్రమే. మీ కాలేజీ నుంచి వారం వారం ఎవరూ రారు. టిప్పర్ మాత్రం రోజూ వస్తుంది. మేం వెళ్ళకపోతే ఆ గుల్లని చూసేదెవరు?

జియాలజీ లెక్చరర్:
మీరే వెళ్ళాలి. నలుగురే వెళ్ళండి, హెల్మెట్లతో, మేట్ ఉన్నప్పుడు. స్కేలు, మార్కర్ పెన్ను, ఒక్కో గుల్లకి ఒక్కో కవరు పట్టుకెళ్ళండి. ముందు ఆ నలభై తీసుకురండి, ఫొటోలతో పోల్చి చూద్దాం.

టూర్ తీసుకెళ్ళిన సభ్యుడు:
రాత్రి అన్నీ పరిచి చూశాను సార్. పదకొండింటికే ఫొటో ఉంది. శనివారం పట్టుకొస్తాను.