‘కోపెన్‌హాగెన్’ నాటకం హైజెన్‌బర్గ్‌ని వెనకేసుకొచ్చిందా?

గోదారిగట్టు:
మైకేల్ ఫ్రేన్ నాటకం ‘కోపెన్‌హాగెన్’ (1998) మళ్ళీ చదివాను. వేదిక మీద ముగ్గురే: డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్, ఆయన భార్య మార్గరెట్, ఒకప్పటి శిష్యుడైన జర్మన్ శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్. ముగ్గురూ పోయాక కూర్చుని 1941 సెప్టెంబరులో హైజెన్‌బర్గ్ కోపెన్‌హాగెన్ వచ్చి బోర్‌ని కలిసిన సంగతి తవ్వుకుంటారు. డెన్మార్క్ అప్పటికే ఏడాదిన్నరగా జర్మన్ల చేతిలో ఉంది. బోర్ తల్లి యూదు. హైజెన్‌బర్గేమో జర్మనీ అణు పరిశోధనలో పెద్ద తలకాయ. అలాంటివాడు గురువు దగ్గరికి ఎందుకెళ్ళాడు? నాటకం ఒకటికి నాలుగు జవాబులు చూపించి, తేలదు పొమ్మంటుంది. నాకు మింగుడుపడనిది ఇదే. 1927లో అతను రాసిన అనిశ్చితి సూత్రం ఎలక్ట్రాన్ లాంటి కణాల గురించి: అది ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవని. దాన్ని తెచ్చి మనిషి ఉద్దేశానికి అంటగడితే ఎవరైనా తప్పించుకోవచ్చు.

పాత టార్చిలైటు:
తేలకపోతే తేల్చినట్టు రాయమంటారా? ఆ మాటలు విన్నది ఇద్దరే. వాళ్ళిద్దరికే పొంతన కుదరలేదు.

గోదారిగట్టు:
హైజెన్‌బర్గ్‌కి బోర్ రాసి, పంపకుండా ఉంచుకున్న ఉత్తరాల చిత్తులు 2002 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి కదండీ. నీ ఆధ్వర్యంలో జర్మనీ అణ్వాయుధం కోసం అన్నీ చేస్తోందనే నాకు గట్టిగా అనిపించింది అని అందులో ఉంది. అందులో నీళ్ళు నమలడం నాకైతే కనబడలేదు.

పాత టార్చిలైటు:
ఆ చిత్తులు మొదలైంది 1957 తర్వాత. ఓ పుస్తకంలో అచ్చయిన హైజెన్‌బర్గ్ ఉత్తరం చూసి, ఒళ్ళుమండి రాసినవి. అంటే పదహారేళ్ళ నాటి జ్ఞాపకం. పైగా మళ్ళీ మళ్ళీ రాసి కూడా పంపలేదు. మీరైతే అంత ఖాయంగా తెలిసిన సంగతి పోస్టు చెయ్యకుండా ఉంటారా?

లెక్కల మాస్టారు:
మీ ఇద్దరూ ఉత్తరాల దగ్గరే ఆగారు, అసలు లెక్క చూడండి. 1940లోనే బర్మింగ్‌హామ్‌లో ఫ్రిష్, పయర్ల్స్ అనే శాస్త్రవేత్తలు అణుబాంబుకి యురేనియం-235 (తేలిగ్గా చీలే రకం యురేనియం) కిలోల్లో చాలని తేల్చారు. హైజెన్‌బర్గ్ టన్నులు కావాలనుకుంటూ ఉండిపోయాడు. జర్మనీ ఓడిపోయాక అతనితో సహా పదిమంది జర్మన్ శాస్త్రవేత్తల్ని ఇంగ్లండ్‌లో ఫార్మ్ హాల్ అనే ఇంట్లో పెట్టి, మైకులు దాచి వాళ్ళ మాటలు రికార్డు చేశారు. 1945 ఆగస్టు 6 రాత్రి హిరోషిమా వార్త వింటే అతను ముందు నమ్మనేలేదు. వారం తిరిగేసరికి దాదాపు సరైన పద్ధతిలో లెక్క కట్టి మిగతావాళ్ళకి పాఠం చెప్పాడు! వారంలో అయ్యే పని యుద్ధం నడిచినన్నాళ్ళూ ఎందుకు కాలేదు? (మా పిల్లలు పరీక్ష హాలు బయటికొచ్చాక జవాబు చెబుతారే, అలా.) నాటకం గొప్పతనం ఇక్కడే. 1941లో బోర్ కోపంతో మాట తెంచుకోకుండా, ‘లెక్క కట్టావా?’ అని పాత చనువుతో ఒక్కమాట అడిగి ఉంటే? అప్పుడే కట్టేసేవాడేమో. స్నేహం చెడటమే లోకానికి మేలు చేసిందన్నమాట.

వెన్నెలమ్మ:
మార్గరెట్‌ని ఎవరూ ఎత్తరేం? ‘నేనెంతవాణ్ణయ్యానో చూడండి’ అని చూపించుకోవడానికే వచ్చాడంటుంది నాటకంలో ఆవిడ. నాకు అన్నిటికన్నా నమ్మబుద్ధేసేది అదే.

పాత టార్చిలైటు:
ఒకటి మరవకండి. 1943లో తప్పించుకుని అమెరికా అణుబాంబు తయారుచేస్తున్న లాస్ అలమోస్ వెళ్ళి ఆ బాంబుకి సాయపడింది బోర్. హైజెన్‌బర్గ్ బాంబుతో ఒక్క ప్రాణమూ పోలేదు.

గోదారిగట్టు:
పోలేదు, నిజమే. మాస్టారి లెక్కకీ ఒక మెట్టు దిగుతాను. కానీ అదే ఫార్మ్ హాల్‌లో, వార్త విన్నాక, మనకి మనసొప్పకే చెయ్యలేదని ఆ పదిమందిలో ఒకడైన వైట్‌సెకర్ అంటే, ఇంకొకడైన ఓటో హాన్ ఏమన్నాడు? అది నేను నమ్మను, మనవల్ల కానందుకు మాత్రం సంతోషం అన్నాడు. నేను హాన్ పక్షం.