మెడికల్ షాపు అబ్బాయి మాట వినాలా, వద్దా?

మాది ఒంగోలు, ఉండేది ఇక్కడ బెంగళూరు మున్నెకొళాలలో. అమ్మకి బీపీ, షుగర్. సంక్రాంతి అయ్యాక నా దగ్గరికి వచ్చింది. ఇక్కడ డాక్టరుకి చూపిస్తే బీపీకి ఒక బిళ్ళ రాశారు. ఊళ్లో ఏం వాడుతున్నారు అని ఆయన అడిగితే అమ్మకి పేర్లు తెలియవు, నేనేమో "ఏదో వాడుతోంది సార్" అనేసి ఊరుకున్నా (తప్పు నాదే).

మొన్న మందులు అయిపోతే అమ్మని కూడా వెంటబెట్టుకుని వీధి చివర షాపుకి వెళ్లా. కౌంటర్‌లో తెలుగు కుర్రాడు. చీటీ చూసి "ఇంకేమైనా వేసుకుంటున్నారా అమ్మా" అన్నాడు, అంతే, అమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి కౌంటర్ మీద బోర్లించింది. అన్నీ కత్తెరతో రెండేసి మూడేసి కోసిన ముక్కలు, సగం వాటికి పేరూ లేదు, ఎక్స్‌పైరీ డేటూ లేదు. అతను ఒక్కోటి తిప్పి చూసి రెండు పక్కన పెట్టాడు. కంపెనీలు వేరు, రంగులు వేరు, రెండింట్లోనూ ఉన్నది ఒకటే బీపీ మందు, టెల్మిసార్టాన్ 40 ఎంజీ. పొద్దున ఊరి బిళ్ళ, రాత్రి బెంగళూరు బిళ్ళ వేసుకుంటోంది! "లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా" అని అడిగితే "అవును బాబూ, పది రోజులైంది" అంది. నాతో ఒక్క ముక్క అనలేదు. బీపీ చూస్తే 98/60. "మీ అంతట మీరు ఏదీ ఆపకండి, కానీ రాత్రి బిళ్ళ వేసే లోపే డాక్టరుకి ఫోన్ చేయండి" అన్నాడు.

ఇప్పుడు మా అన్నయ్య గొడవ, డాక్టరు రాసినదాన్లో తప్పులు పట్టడానికి బిళ్ళలమ్మేవాడెవడు అని. నిజంగా ఎంతవరకు నమ్మొచ్చు వీళ్లని?

జవాబు 1

మీకు మంచివాడు దొరికాడు, అందరూ అలా ఉండరు. మా పాపకి జలుబు అని ఒక షాపుకి వెళ్తే చీటీ అడక్కుండా అజిత్రోమైసిన్ మూడు రోజులకి చేతిలో పెట్టారు. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ ఎందుకూ పనికిరాదు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం, ఆ గీత అమ్మేవాడికి కనపడదా? ఇంకోటి, గోడ మీద ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫోటోలో ఒకరు, కౌంటర్‌లో ఇంకొకరు. ముందు అది చూసుకోండి.

జవాబు 2

నేను బి.ఫార్మ్, కేఆర్ పురం వైపు షాపులో ఆరేళ్లుగా చేస్తున్నా. పై ఆయన చెప్పింది నిజమే, సర్టిఫికెట్ అద్దెకిచ్చి ఇంట్లో కూర్చునేవాళ్లు మా వాళ్లలోనే ఉన్నారు, చెప్పుకోడానికి సిగ్గే.

కానీ మీ అన్నయ్యగారికి ఒక మాట. ఆ అబ్బాయి డాక్టరు పని చేయలేదు, తన పని చేశాడు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో చీటీ సరిచూడడం, మందు ఎలా వాడాలో పేషెంటుకి చెప్పడం మా బాధ్యత అనే ఉంది. మందు మార్చే హక్కు మాత్రం మాకు లేదు. టెల్మిసార్టాన్ 80 కూడా డాక్టర్లు రాస్తారు, అదేం విషం కాదు, కాకపోతే మీ అమ్మగారికి 80 ఇస్తున్నామని ఇద్దరు డాక్టర్లలో ఒక్కరికీ తెలియదు. అసలు సమస్య అది.

ఆ డబ్బాలో మోకాళ్ల నొప్పి బిళ్ళలు ఉన్నాయేమో చూడండి. డైక్లోఫినాక్ లాంటివి బీపీ పెంచుతాయి, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీల మీద పడుతుంది. పెద్దవాళ్లు వాటిని మందుల లెక్కలోనే వేయరు, "అది నొప్పి బిళ్ళే కదా" అంటారు. థైరాయిడ్ బిళ్ళ, కాల్షియం కలిపి మింగేవాళ్లు రోజుకి ఇద్దరైనా వస్తారు మా దగ్గరికి, మధ్యలో నాలుగు గంటలు ఉండాలి. ఇవన్నీ అడిగితే చెప్తాం. సాయంత్రం ఏడింటికి పది మంది నిలబడి ఉన్నప్పుడు అడక్కండి, మధ్యాహ్నం రండి.

జవాబు 3

మా అక్క ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ 2024 జనవరి నుంచి గొంతు నొప్పి, ఆడవాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటి ఏడు సమస్యలకి ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు కూడా ఇస్తాడు. మన దగ్గరా అలా పెడితే బాగుంటుంది కదా?

జవాబు 2 (మళ్లీ)

అక్కడ ఫార్మసిస్టు ఏం ఇచ్చాడో ఇంటి డాక్టరుకి రికార్డు వెళ్తుంది అన్నా. ఇక్కడ రికార్డు అంటే ఆ ప్లాస్టిక్ డబ్బానే. ముందు స్ట్రిప్ కోసేటప్పుడు పేరు, డేటు ఉన్న వైపు పేషెంటుకి మిగలట్లేదు, అది చూద్దాం.

అడిగినవారు

డాక్టరుకి ఫోన్ చేశాను, రాత్రిది ఆపమన్నారు, శనివారం డబ్బాతో సహా రమ్మన్నారు. నొప్పి బిళ్ళలు డబ్బాలో లేవు. అమ్మ దిండు కింద దొరికాయి, తొమ్మిది.