‘గాత్రదానం చేశారు’ అనాలా, ‘డబ్బింగ్ చెప్పారు’ అనాలా?

హిందూపురం నుంచి ఒక చెల్లెలు మొన్న గ్రూపులో అడిగింది: “సినిమా వార్తల్లో ఫలానా హీరోకి ఫలానా ఆయన గాత్రదానం చేశారని రాస్తారు. గాత్రమంటే ఒళ్ళు కదన్నా? మరి కోమలగాత్రి అంటే మెత్తటి గొంతున్న పిల్లనా?” రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదని విడిగా పోస్టు పెడుతున్నా.

చెల్లెలు పట్టుకున్నది నిజమే. సంస్కృతంలో గాత్రమంటే అవయవం, శరీరం. మన కావ్యాల్లో కోమలగాత్రి, లలితగాత్రి అని వచ్చిన చోటల్లా ఒంటి సొగసు మాటే. గొంతు అనే అర్థం మనకు సంగీతం వాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. నారదీయ శిక్ష అనే పాత సంస్కృత గ్రంథంలో దారవి, గాత్రవీణ అని రెండు వీణలు చెప్పారు. మొదటిది కొయ్యతో చేసింది, రెండోది మనిషి ఒంటికి చెందింది. వాయిద్యం ఒకపక్క, మనిషి ఒకపక్క అనే ఈ విభజనే కచేరీ కరపత్రాల దాకా వచ్చిందని నా నమ్మకం. ‘గాత్రం’ అని వేసి ఎదురుగా పేరు వేస్తే, పాడేది ఆ మనిషి అని. ‘శారీరం’ కూడా అదే దారిలో నడిచిన మాట. పాటకుడిని చూపించి “ఆయన శారీరం బాగుంది” అని పెద్దలంటే, మెచ్చుకున్నది గొంతునే. కాబట్టి గాత్రాన్ని గొంతు అనుకోవడంలో తప్పేమీ లేదు. నా పేచీ అంతా దానితో తగిలించిన ‘దానం’తోనే.

అన్నదానం, గోదానం, రక్తదానం, నేత్రదానం. దానమన్నాక ఇచ్చినవాడు చేతులు దులుపుకొని పక్కకు తప్పుకోవాలి. ఇచ్చిన వస్తువు ఇక పుచ్చుకున్నవాడి సొంతం. డబ్బింగ్ కళాకారుడి పని అలాంటిదా? చీకటి గదిలో మైకు ముందు నిలబడి, చెవుల్లో పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో రికార్డయిన అసలు నటుడి మాట, వింటూ, తెర మీద కదిలే పెదవుల మీద చూపు పెట్టి, ఏడుపైతే ఏడుపు, రొప్పైతే రొప్పు, దెబ్బ తగిలితే మూలుగు, అన్నీ తన ఒంట్లోంచి తీయాలి. ఫైట్ సీన్లున్న రోజు గొంతు రాసుకుపోయి సాయంత్రానికి మాట పెగలదు. ఇది నటన, కూలి పుచ్చుకొని చేసే పని. దానం అనేసరికి ఆ కష్టమూ కనపడదు, ఆ మనిషీ కనపడడు.

ఇంతకీ ఆ పనిలో ఉన్నవాళ్ళు ఏమంటారు? “ఆ హీరోకి ఎవరు చెప్పారు?” అంటారు. “ఆయనకు ఎప్పుడూ ఈయనే చెప్తాడు” అంటారు. డబ్బింగ్ అన్నది బయటి మాటే గానీ దాని పక్కన తెలుగువాడు కూర్చోబెట్టిన క్రియ చూడండి: చెప్పడం. హరికథ చెప్పారు, బుర్రకథ చెప్పారు, పాఠం చెప్పారు, అవధాని పద్యం చెప్పారు. పాటకు పాడటం, వేషానికి వేయడం ఉన్నట్టే, మాటతో ఒక లోకాన్ని నిలబెట్టే పనికి మన భాష ‘చెప్పడం’ కేటాయించింది. ఎవరూ సభ పెట్టి తీర్మానించకుండానే జనం డబ్బింగును ఆ వరసలో చేర్చారు. పేపర్లో రాసే గాత్రదానం కన్నా నోట్లో నలిగిన ఈ మాటే ఆ పనికి సరైన గౌరవం ఇచ్చిందని నేననేది.

సాయికుమార్‌ను తీసుకుందాం. నాన్న పి.జె.శర్మ నటుడు, డబ్బింగ్ కళాకారుడు. తమ్ముడు రవిశంకర్‌దీ అదే బాట. సుమన్‌కు, రాజశేఖర్‌కు ఏళ్ళ తరబడి చెప్పింది సాయికుమారే. 1989లో ‘అంకుశం’ చూసినవాళ్ళు ఆ పోలీసాఫీసరు కోపాన్ని రాజశేఖర్ కళ్ళలో చూశారు, సాయికుమార్ గొంతులో విన్నారు. 1995లో ‘బాషా’ తెలుగులోకి వస్తే రజనీకాంత్‌కూ ఆయనే చెప్పారు. ముగ్గురు హీరోలు, మూడు నడకలు, ఒకే గొంతు. హాల్లో కూర్చున్నవాళ్ళకు ఏ హీరో మాట ఆ హీరోదిగానే వినపడింది. వాక్యం ఎక్కడ విరవాలి, ఊపిరి ఎక్కడ తీయాలి, ఏ మాట మీద బరువు పెట్టాలి అన్నది హీరోను బట్టి మార్చుకోకపోతే ఇది కుదరదు. గొంతు ఊరికే ఇచ్చేస్తే అయ్యే పని కాదిది.

దీనికి ఇంకో సాక్ష్యం మన రాయలసీమ కథలోనే ఉంది. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరస్వామి సుమన్. ఆ పాత్రకు చెప్పింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, దానికి ఆయనకు నంది కూడా వచ్చింది. ముఖం అదే, ఒళ్ళు అదే. గొంతు మారేసరికి ఫైట్లు చేసే సుమన్ పోయి, తాళ్ళపాక కవి కొలిచిన కొండదేవుడు నిలబడ్డాడు. పాత్రలో సగం చెప్పేవాడిదేననడానికి ఇంతకన్నా ఏం కావాలి!

అనంతపురం వాడిగా నాకు మరీ పట్టే సంగతి ఇంకోటుంది. సాయికుమార్, రవిశంకర్ అన్నదమ్ముల గొంతులను తెలుగువాళ్ళు ఎన్నో ఏళ్ళు వేరేవాళ్ళ ముఖాల మీద విన్నారు. వాళ్ళ ముఖాలకు పెద్ద పీట వేసింది కన్నడం. 1996లో కన్నడ ‘పోలీస్ స్టోరీ’తో సాయికుమార్ హీరోగా నిలబడ్డారు. అది తెలుగులోకి వచ్చాక నాలుగో సింహం డైలాగు ఇక్కడ చిన్న పిల్లలకు కూడా నోటికొచ్చింది. అప్పుడు ఆ ముఖమూ ఆ గొంతూ ఒకే మనిషివి. తర్వాత ఈటీవీలో ‘వావ్’ షోతో ఇళ్ళలోకి వచ్చారు. రవిశంకర్ 2009లో ‘అరుంధతి’లో సోనూ సూద్ పాత్రకు చెప్పి ‘బొమ్మాళి రవిశంకర్’ అయ్యారు. చెప్పిన మాట ఇంటిపేరులా అతుక్కున్న నటుడు తెలుగులో ఇంకెవరున్నారు? 2011లో కన్నడ ‘కెంపేగౌడ’లో విలన్‌గా ముఖం చూపించి అక్కడా పెద్ద పేరు తెచ్చుకున్నారు. బళ్ళారి మాకు కూతవేటు కాబట్టి ఆ సినిమాలు మేమూ చూశాం, “మన గొంతే” అని గుర్తుపట్టాం.

చెప్పడంలో మెలకువ ఎంత సన్నటిదో ఒక్కటి చూపిస్తా. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి. తమిళ నటుడు ‘పో’ అన్నాడనుకోండి, తెలుగులో ‘వెళ్ళు’ అని రాస్తే తెర మీద పెదవులు మూసుకున్న చోట చెవికి ఇంకో శబ్దం వినపడి అతకదు. ‘పో’ అయితే అచ్చంగా కూర్చుంటుంది. కోస్తా చెవికి ‘పో’ మోటుగా తగులుతుందని రాసేవాళ్ళు వెనకాడతారు. మన సీమలో “పోయొస్తా మామా”, “పోండి సార్” అంటే ఎవరికీ అగౌరవం లేదు. ‘తంబి’కి ‘తమ్ముడు’ దొరికింది, మధ్యలో పెదవులు కలిసే చోటు కలుస్తుంది. అమ్మా, మామా సరిగ్గా అవే. అక్కా, అన్నా కూడా అంతే. చిక్కల్లా తండ్రి దగ్గరే. తమిళంలో ‘అప్పా’ అంటే పెదవులు గట్టిగా మూసుకుంటాయి, మన ‘నాన్నా’లో అసలు కలవవు. షాట్ ఎదుటి మనిషి మీద ఉంటే గండం గడుస్తుంది. క్లోజప్‌లో పడితే రాసేవాడికీ చెప్పేవాడికీ చెమటలే.

ఇంత మెలకువ తెలిసిన రంగంలో సీమ మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం శ్రద్ధ చాలదు. వాక్యానికో ‘ఏందిరా’, చివర్న ఓ గర్జన పెడితే సీమ యాస అనుకుంటారు. ‘వస్తున్నాను’ మా వైపు ‘వస్తాండా’. కడప, పులివెందుల వైపు ‘వచ్చాండా’, ‘చేచ్చాండా’. సినిమాల్లో వినపడే ‘వస్తుండా’ ఏ ఊరిదో వాళ్ళకే తెలియాలి. సిరివెళ్ళలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి గారు 1997లో ‘ప్రేమించుకుందాం రా’లో సొంత గొంతుతో మాట్లాడాక గానీ, మన మాటకు ఇంత లయ ఉందని తెర ఒప్పుకోలేదు. లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి, నాటకం మనిషి. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో పోయారు. ఆయన మాటల్లో కోపం కన్నా ముందు నిదానం వినపడుతుంది. సీమలో నిజంగా కోపమొచ్చినవాడు గొంతు తగ్గిస్తాడు. ఆ తగ్గించడం ఆయనకు తెలుసు.

వ్యాఖ్యలు

ఆదోని సభ్యుడు: అన్నా, జీతం తీసుకునే అయ్యవారు చెప్పినా విద్యాదానం అంటాం గదా. దానం మాట మీద అంత పట్టు ఎందుకు?

నా జవాబు: విద్యాదానం అన్నప్పుడు అయ్యవారు మరుగున పడడన్నా. పిల్లోడు పెద్దోడై కలెక్టరైనా “ఫలానా సారు దగ్గర చదివినా” అంటాడు. తెర మీద ముఖం ఒకరిది, చప్పట్లు వాళ్ళకే. అక్కడ ‘దానం’ అనే మాట చెప్పిన మనిషిని ఇంకో మెట్టు కిందికి దించుతుంది. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు వేరేగా బహుమతి పెట్టింది వాళ్ళను నటుల కింద లెక్కగట్టేనని నేననుకుంటా. మాట కూడా ఆ లెక్కకు తగ్గట్టుండాలని నా పట్టు.

ప్రొద్దుటూరు టీచరమ్మ: మన ‘బదులు’ ఎందుకు వాడగూడదు తమ్ముడూ? “ఓ వంద బదులీమ్మా, సంతనాడు ఇచ్చేస్తా” అంటాం. వడ్డీ లేకుండా ఇరుగుపొరుగు ఇచ్చుకునేది. ఒకరి స్థానంలో ఇంకొకరు అనీ ఉంది, జవాబు అనీ ఉంది. ‘బదులు గొంతు’ అంటే ఎంత బాగుంటుంది!

నా జవాబు: అక్కా, ఈ మాట నాకు తట్టలేదు, చాలా బాగుంది. ‘అరువు గొంతు’ అని కొందరు చులకనగా రాస్తారు, దాని కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఒక్కటే ఇబ్బంది. కోస్తాలో ‘చేబదులు’ అంటే తెలుసు గానీ ఉత్తి ‘బదులు’ అప్పు కింద అర్థం కాదు, జవాబు అనుకుంటారు. మన సీమ జిల్లాల పేపరు పేజీల్లో అయితే నిక్షేపంగా రాయొచ్చు. క్రియ మాత్రం చెప్పడమే ఉంచుదాం: “ఆయనకు బదులు గొంతు చెప్పింది ఈయన.”

మడకశిర సభ్యుడు: మా ఇంట్లో సగం కన్నడమే. తెలుగు సీరియల్లో వచ్చే అమ్మాయి బెంగళూరుదని మా అవ్వ మొహం చూసి చెప్పేస్తాది. “మాట మాత్రం ఈ పిల్లది కాదురా” అంటాది. ఆ గొంతు ఎవరిదో చివర్లో పేరు వేస్తే ఏం పోతాది?

నా జవాబు: అవ్వకు దండం. సీరియళ్ళ గురించి నేను రాయని మాట ఆమె చెప్పింది. ఏళ్ళ తరబడి రోజుకో ఎపిసోడు చొప్పున అత్తగానో కోడలిగానో ఏడ్చే ఆ గొంతు మన ఇళ్ళలో చుట్టాల కన్నా ఎక్కువ వినపడుతుంది. పేరు మాత్రం మనకు తెలియదు. అది తెర మీద పడి తీరాలి. అందరం ఛానెళ్ళకు రాయాల్సిన విషయమిది.

నంద్యాల సభ్యుడు: అన్నా, నేను డబ్బింగ్ చెప్పాలని హైదరాబాదు పోయినా. ఒక చోట “ముందు నీ యాస వదిలించుకో” అన్నారు. వదిలితే మళ్ళీ వస్తాదా?

నా జవాబు: వదలొద్దు తమ్ముడూ, పక్కన ఇంకోటి పెట్టుకో. పొద్దున్నే పేపరు సంపాదకీయం గట్టిగా చదువు. ఒత్తులు, శ ష స తేడా, ల ళ తేడా చెవికి తెలిసేలా పలుకు. ‘ఒగ’ అని నాలుక మీదికొస్తే ‘ఒక’ అని మళ్ళీ చదువు. అది పని కోసం నేర్చుకునే తెలుగు. ఇంటికొచ్చాక అమ్మతో నీ మాటే మాట్లాడు. కడప రేడియో కేంద్రం 1963 నుంచి ఉంది. రేడియో నాటకాలు దొరికితే కళ్ళు మూసుకొని విను, ముఖం లేకుండా పాత్ర ఎట్లా నిలబడుతుందో తెలుస్తుంది. రేపు సీమ కథకు నిజమైన గొంతు కావాల్సి వస్తే, ‘వచ్చాండా’కూ ‘వస్తాండా’కూ తేడా తెలిసినవాడు ఆ గదిలో ఒకడైనా ఉండాలి.

అందరికీ ఒక విన్నపం. “నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు? నేనూ వస్తున్నాను, కొంచెం ఆగు.” ఈ ఒక్క ముక్కను మీ ఊళ్ళో ఎట్లా అంటారో వాయిస్ రికార్డు చేసి ఇదే పోస్టు కింద పెట్టండి. ఊరి పేరు, మండలం పేరు మర్చిపోవద్దు. ఆదోని, మడకశిర, బద్వేలు, జమ్మలమడుగు, ఆళ్ళగడ్డ వాళ్ళవి ముందు కావాలి. పెద్దవాళ్ళ గొంతైతే మరీ మంచిది. మడకశిర అవ్వది తప్పకుండా పెట్టండి.