"నేఁ జదివినవి": ఆ 'నే' ఏ పాదానిది?

ఫ్రిస్కో సంచిక:
మా సంఘం సంచిక కోసం ఇక్కడి (టెక్సస్‌లో, డాలస్ పక్కన) చార్టర్ హైస్కూళ్ల మీద, అంటే ప్రభుత్వ డబ్బుతో సొంత యాజమాన్యం కింద నడిచే బళ్ల మీద, వ్యాసం సిద్ధమవుతోంది. కాలేజీ అడ్మిషన్ల జాబితా చూసి స్కూలు మంచిచెడ్డలు తేల్చడం ఎంతవరకు సబబు అన్నది విషయం. తలకట్టున పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి పద్యం వేద్దామని. "చదివించిరి నన్ను గురువులు, చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు..." దాకా వచ్చి ఆగిపోయింది. దాని తర్వాత ఒక "నే" ఉన్నట్టు గుర్తు. అది పై వాక్యానిదా, కింది వాక్యానిదా?

కందం:
నన్ను కాదండీ, నను. "చిరినన్ను" అంటే అయిదు మాత్రలు, కందం కుంటుతుంది. మిగతాది ఇది: "శాస్త్రంబులు నేఁ / జదివినవి గలవు పెక్కులు / చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ." రెండో పాదం చివర గురువు కావాలి, "బులునే"తో ఆ అవసరం తీరింది. పాదపూరణమే, పాదం నింపడానికి వేసిన మాటే, అంతకుమించి వెతకొద్దు.

అరసున్న:
పోతనకు పాదపూరణం అంటగట్టేశారా! "జదివినవి" అని చకారం జకారమై సరళం వచ్చిందంటే ఆ నేఁ కింది పాదాన్నే పట్టుకుంది. గురువులు చదివించినవి ఒక లెక్క, "నేఁ జదివినవి" ఇంకో లెక్క. పిల్లాడు తెలివిగా రెండూ విడగొట్టాడు.

కందం:
సరళాదేశం అన్వయానికి సాక్ష్యమా? అదే పద్యం చివర చూడండి, "చదివితిఁ దండ్రీ". తండ్రి అక్కడ సంబోధన. క్రియకు కర్తా కాదు, కర్మా కాదు. అయినా దకారం వచ్చింది కదా. ద్రుతం (పదం చివరి నకారం) పక్కన పరుషం (క చ ట త ప) ఉంటే చాలు, చుట్టరికం అడగదు.

గణాంకం:
మీరిద్దరూ అరసున్న దగ్గరే ఆగిపోయారు. వ్యాసానికి పనికొచ్చేది "చదివించిరి"కీ "చదివితి"కీ ఉన్న ఎడం. అడ్మిషన్ల జాబితా స్కూలు చేతిలో "చదివించిరి" అవుతుంది. అందులో "చదివితి" వాటా ఎంతో ఆ జాబితా చెప్పదు. చార్టర్‌కు దరఖాస్తు పెట్టుకునే ఇల్లు అప్పటికే చదువు మీద దృష్టి ఉన్న ఇల్లు. దాన్ని వేరు చేయాలంటే లాటరీయే దారి. సీట్లకు మించి దరఖాస్తులొస్తే చీటీ తీయాలి కాబట్టి, చీటీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రెండు వైపులా ఒకే రకం తల్లిదండ్రులు. బోస్టన్ చార్టర్ హైస్కూళ్ల మీద ఎంఐటీ ఆర్థికవేత్త జాషువా ఆంగ్రిస్ట్ బృందం ఇలాగే చూసింది. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో మార్కులు, ముఖ్యంగా లెక్కల్లో, పెరిగాయి. రెండేళ్ల కాలేజీకి పోయేవాళ్లు నాలుగేళ్ల కాలేజీ వైపు మళ్లారు. మొత్తమ్మీద కాలేజీకి వెళ్లేవాళ్ల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. "ఇంతమంది కాలేజీకెళ్లారు" అన్న బోర్డు మీద ఈ మార్పు కనపడనే కనపడదు.

పాతప్రతి:
హిరణ్యకశిపుడి ప్రశ్న కూడా ప్రేరణార్థకంలోనే (ఒకరు చేయించినట్టు చెప్పే క్రియలోనే) ఉంది, గమనించారా? "గురువు లే వెంటం బఠింపించిరో" అంటాడు. కొడుకు నోట పద్యం విని బడికి మార్కులు వేద్దామని ఆయన ఉద్దేశం. తీరా తొమ్మిది భక్తులూ వినిపించాక కోపం గురువు మీదకు మళ్లింది. అప్పుడు శుక్రాచార్యుడి కొడుకైన ఆ గురువు జవాబు వ్యాసుడి మూలంలో ఇలా ఉంటుంది: ఇది నేను నేర్పిందీ కాదు, ఇంకొకరు నేర్పిందీ కాదు, వీడికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఫలితం నచ్చనప్పుడు "చదివితి", నచ్చినప్పుడు "చదివించిరి". విజయవాడ, హైదరాబాద్ ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఫ్రిస్కో సంచిక:
భలే ఉంది, వాడుకుంటాం. జాబితాలో "వంద శాతం కాలేజీ అడ్మిషన్" అని ఉంటే చదువరికి ఏం చూడమని చెప్పాలి?

గణాంకం:
ముందు, వంద ఎవరిలో వంద? కొన్ని చార్టర్లలో నాలుగేళ్ల కాలేజీ నుంచి ఒక్క అడ్మిషన్ లేఖ తేవడం హైస్కూల్ డిప్లొమాకే షరతు. అక్కడ వంద శాతం ఫలితం కాదు, నిబంధన. దరఖాస్తు పెట్టిన దాదాపు అందరినీ చేర్చుకునే నాలుగేళ్ల కాలేజీలు దేశంలో బోలెడు.

తర్వాత పన్నెండో తరగతి దాకా మిగిలింది ఎందరు? టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ఒక్కో క్యాంపస్‌కు ఇచ్చే టీఏపీఆర్ నివేదికలో తరగతివారీ సంఖ్యలుంటాయి. ఈ ఏటి పన్నెండో తరగతిని మూడేళ్ల కిందటి తొమ్మిదో తరగతి పక్కన పెట్టండి. స్కూలు ఆరో తరగతితో మొదలైతే ఆరేళ్లు వెనక్కి వెళ్లండి. అప్పుడు 120 మంది ఉండి ఇప్పుడు 48 మందే ఉంటే, ఆ వంద శాతం ఈ 48కి మాత్రమే. ఖాళీ అయిన సీట్లలో కొత్తవాళ్లను చేర్చుకుంటారా లేదా అన్నది కూడా అడగాలి. చేర్చుకునే స్కూల్లో అంకె నిలకడగా కనపడినా లోపల పిల్లలు మారిపోయి ఉంటారు.

గ్రాడ్యుయేషన్ రేటు చూసి నిశ్చింతగా ఉండొద్దు. 2008 ఫెడరల్ నిబంధన ప్రకారం, వేరే స్కూలుకు మారినట్టు కాగితం ఉన్న పిల్లవాణ్ణి లెక్క నుంచే తీసేస్తారు. చదువు తట్టుకోలేక తొమ్మిదో తరగతిలో పక్క పబ్లిక్ స్కూలుకు వెళ్లిపోయినవాడు భాజకంలో ఉండడు. స్కూలు తప్పు చేసినట్టు కాదు, లెక్క కట్టే తీరే అంత.

అరసున్న:
"పెక్కులు" మీదా అదే పేచీ పెట్టొచ్చు. ఒక్క పిల్లవాడికి తొమ్మిది అడ్మిషన్లొస్తే జాబితాలో తొమ్మిది పేర్లు. చేరేది ఒక్కచోట.

గణాంకం:
సరిగ్గా పట్టుకున్నారు. అడ్మిషన్లొచ్చిన కాలేజీల జాబితా వేరు, చేరిన కాలేజీల జాబితా వేరు. అడగాల్సింది రెండోది. అదీ ఒక్క సంవత్సరానిది, కాలేజీ పేరు పక్కన అంకెతో. "గత అయిదేళ్లలో" అని ఉంటే ఒక్క ప్రిన్స్‌టన్ పిల్లవాడు అయిదేళ్లు గోడ మీద ఉంటాడు. చేరాక ఏమైందో, కాలేజీ చేరికల, డిగ్రీల వివరాలు ఒకచోట ఉంచే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ రికార్డులతో తెలుస్తుంది. దాని స్టూడెంట్‌ట్రాకర్ సేవకు చందా ఉన్న హైస్కూళ్లకు తమ పిల్లల్లో ఎవరు చేరారో, రెండో ఏడు తిరిగి వచ్చారో, ఆరేళ్లలో డిగ్రీ పూర్తి చేశారో వస్తుంది. ఆ మూడు అంకెలు ఇవ్వమని అడగండి.

చార్టర్ స్కూళ్లు నడిపే కిప్ సంస్థ 2011లో ఈ పనే బహిరంగంగా చేసింది. పన్నెండు పూర్తి చేసినవాళ్లను కాకుండా ఎనిమిదో తరగతి పూర్తి చేసిన తొలి బ్యాచులను తీసుకుని, పదేళ్లు పైబడ్డాక చూసింది. నాలుగేళ్ల డిగ్రీ చేతికొచ్చినవాళ్లు 33 శాతం. వంద శాతాల బోర్డుల పక్కన ఈ అంకె చిన్నగా ఉంటుంది. కానీ తక్కువ ఆదాయ కుటుంబాల్లో దేశవ్యాప్తంగా అది 8 శాతమే అని ఆ నివేదికే చూపింది. నా దృష్టిలో ఆ 33 ఏ వందకన్నా గౌరవమైన అంకె.

డాలస్ నాన్న:
మన వాళ్లు మొదట వెతికేది యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ) సంఖ్య. దాని సంగతి?

గణాంకం:
దాన్ని చూసేముందు చట్టం వాటా తీసేయండి. 1997 చట్టం ప్రకారం టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో హైస్కూలు ర్యాంకుల్లో పై 10 శాతం పిల్లలకు ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కు మినహాయింపు ఉంది, 2026 ఫాల్ ప్రవేశాలకు 6 నుంచి 5 శాతానికి దించారు. అరవై మంది బ్యాచులో అంటే ముగ్గురు. స్కూలు ఎలాంటిదైనా ఆ ముగ్గురికి సీటు ఖాయం. నాలుగో పిల్లవాడి నుంచి ఎందరు వెళ్లారన్నదే స్కూలు గురించి ఏదో చెబుతుంది. ఇంకొక చిక్కు: ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే, కోర్సుకు కాదు. కంప్యూటర్ సైన్స్ అడిగి వేరే కోర్సులో పడినవాడూ జాబితాలో యూటీ అనే ఉంటాడు. గట్టి పిల్లలంతా ఒకచోట చేరిన చార్టర్‌లో ర్యాంకు పడిపోయి, ఇంటి దగ్గరి స్కూల్లో ఖాయంగా వచ్చే సీటు పోగొట్టుకోవడమూ ఉంది.

అరసున్న:
ర్యాంకులు ఆపి కాస్త ఇటు రండి, నాకు సాక్ష్యం దొరికింది. "పలికించెడివాఁడు రామభద్రుండఁట, నేఁ / బలికిన భవహర మగునఁట". అదే పోతన, అదే కందం, రెండో పాదం చివర అదే నేఁ, మూడో పాదం మొదట అదే సరళం. అక్కడ నేఁ కింది పాదానిదని ఎవరూ కాదనలేరు. ఇది ఆయన అలవాటు. పైగా పలికించెడివాడు, పలికెద అని ప్రేరణార్థకం జోడీ కూడా అక్కడుంది!

పాతప్రతి:
ఇది మాత్రం అందంగా పట్టారు. పోతన తన విషయంలో ఖ్యాతంతా పలికించినవాడికి ఇచ్చేశాడు. ప్రహ్లాదుడి నోట మాత్రం "చదివించిరి" ఒక్కసారే, "చదివితి" రెండుసార్లు.

కందం:
అందం ఒప్పుకుంటా, రుజువు ఒప్పుకోను. అక్కడ "అఁట"తో వాక్యం ముగిసింది కాబట్టి నేఁకు పైన చోటు లేదు. ఇక్కడ "చదివితి శాస్త్రంబులు నే" అని పైకీ చక్కగా అతుకుతుంది.

డాలస్ నాన్న:
ఇంతకీ "ధర్మార్థ ముఖ్య" అంటే ధర్మార్థాలు ప్రధానమైనవనా, ధర్మార్థాలు మొదలైనవనా? స్కూలు కరపత్రంలో "రైస్, స్టాన్‌ఫర్డ్ మొదలైనవి" అంటే ఆ మొదలైనవే అసలు జాబితా.

కందం:
మొదలైనవి అంటే కామమోక్షాలూ చదివినట్టే. ప్రహ్లాదుడి గురువులు చండామార్కుల బళ్లో మోక్షం పాఠం ఉందా?

పాతప్రతి:
లేదు, త్రివర్గం (ధర్మార్థకామాలు) వరకే. అందుకే ఆ నవవిధ భక్తి విని తండ్రి "ఇదేనా వీడికి నేర్పింది" అని బడినే నిలదీశాడు.

అరసున్న:
సిలబస్‌లో లేనివే "నేఁ జదివినవి". నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదండీ.