నలభై ఏళ్ల తర్వాతి సాగునీటికి ఒకే అంచనా సరిపోతుందా?

కాలువగట్టు:
నదీ ప్రాంతాల ప్రణాళికలు చాలావరకు రాబోయే ముప్ఫై నలభై ఏళ్ల ఆర్థిక పరిస్థితిని ఒకే గీతలా గీసుకుని, దాని మీదే ఆయకట్టు లెక్క, కాలువ వెడల్పు తేలుస్తున్నాయి. పంట ధరలు, కరెంటు రేట్లు, పరిశ్రమలు ఎటైనా మళ్లొచ్చు. రెండు మూడు భవిష్యత్తులు పక్కపక్కన పెట్టుకుని కట్టాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

మెట్టచేను:
నేను కాదంటాను. ఇలా కావచ్చు, అలా కావచ్చు అంటూ కూర్చుంటే పని శంకుస్థాపన దగ్గరే ఆగుతుంది. ఆనకట్ట సగం ఎత్తు కట్టి చూద్దామంటే కుదరదు. మెల్‌బోర్న్‌లో కరవుకు భయపడి సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు కట్టారు. 2012లో అది పూర్తయ్యేసరికి జలాశయాలు నిండాయి, 2017 దాకా దాని అవసరమే రాలేదు. దండగ అన్నారు. తర్వాత వరసగా కొన్నేళ్లు దాని నీళ్లే తెప్పించుకున్నారు. ముందే కట్టి ఉంచబట్టి కదా!

కాలువగట్టు:
మెల్‌బోర్న్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అది తాగునీరు, వాడకపోతే పోయేది డబ్బు. కాలువ వచ్చిందంటే దాని చుట్టూ పంటలు, అప్పులు, బతుకులు అల్లుకుంటాయి.

కిర్గిజ్‌స్థాన్‌లో నరీన్ నది మీది తోక్తొగుల్ డ్యామ్‌నే తీసుకోండి. నిల్వ దాదాపు 1,950 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 690 టీఎంసీల దాకా. సోవియట్ కాలంలో ముఖ్యంగా దిగువన పత్తి చేలకు వేసవిలో నీళ్లివ్వాలని కట్టారు. చలికాలంలో ఎగువ వాళ్లు నీళ్లు ఆపుకుంటే, బదులుగా దిగువ నుంచి బొగ్గు, గ్యాస్ వచ్చేవి. 1991లో దేశమే విడిపోయింది. ఇంధనానికి డబ్బు కట్టాల్సి వచ్చింది. ఎగువ వాళ్లు ఇళ్లలో వెచ్చదనం కోసం నడి చలికాలంలో టర్బైన్లు తిప్పారు. నరీన్ నీళ్లు చేరే సిర్ దర్యా నది గడ్డకట్టి ఉండి, ఆ నీటిని మోయలేక దిగువన పొంగింది. తీరా పత్తికి తడి కావాల్సిన వేసవిలో కొరత! డ్యామ్ అదే, నది అదే, మారింది ఇంధనం లెక్క. ఆ చలికాలపు నీళ్లు పట్టుకోవడానికే దిగువనున్న కజక్‌స్థాన్ కోక్‌సరాయ్‌లో 300 కోట్ల ఘనపు మీటర్ల జలాశయం వేరే కట్టుకుంది.

దేశం విడిపోతుందని ఎవరూ ఊహించలేరు, నిజమే. ఇంధనం రేటు మారితే ఈ నీళ్లు ఏ నెలలో కదులుతాయని మాత్రం అడగొచ్చు.

పంపుహౌస్:
ఎత్తిపోతల పనుల్లో ఉన్నవాణ్ని. సివిల్ పని నాలుగు పంపులకూ ఒకేసారి చేస్తాం, ఎందుకంటే తర్వాత ఆ గోడలు పగలగొట్టలేం. మోటార్లు మాత్రం రెండే బిగిస్తాం. మిగతా రెండు ఫౌండేషన్ల బోల్టులకు గ్రీజు పూసి, గుంతల మీద ఇనుప మూతలు వేస్తాం. గిరాకీ రాకపోతే రెండు మోటార్ల ఖర్చు మిగిలినట్టే. గిరాకీ ఎప్పుడూ పైకే పోతుందనీ లేదు. అమెరికాలో నీటి వాడకం 1980లో గరిష్ఠానికి చేరింది. జనాభా పెరుగుతూనే ఉన్నా 2015 నాటికి 1970 స్థాయికన్నా దిగింది. థర్మల్ కేంద్రాలు అవే నీళ్లను తిప్పి వాడటం, డ్రిప్, స్ప్రింక్లర్లు పెరగడం పెద్ద కారణాలు.

మెట్టచేను:
బాగానే ఉంది. ఆ ఇనుప మూతల వాటా ఊళ్లకు ఏం చెబుతారు? రెండో దశ అని రాసి చేతులు దులుపుకుంటే అక్కడి రైతు ఎన్నేళ్లు ఆకాశం వైపు చూడాలి?

కాలువగట్టు:
మీరు అడిగింది న్యాయం. ఏ ఏడాదికి ఏది ఎంత పెరిగితే మిగతా మోటార్లు బిగిస్తారో ప్లాన్‌లోనే రాయాలి, ఆ ఊళ్లలో చదివి వినిపించాలి. అది లేని దశలవారీ ప్లాన్ వస్తే నేనూ మీ వైపే నిలబడతాను.